పారాచూట్ ఏ ఎత్తులో తెరవాలి? స్కైడైవర్ చేతిలో ఉండేది 17 సెకన్లే.. ఆ లెక్క ఇదీ

విజయవాడకు చెందిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో అంతరిక్షపు అంచు దాకా వెళ్లొచ్చిన సంగతి తెలిసిందే. ఆ రోజు వీడియోలు చాలామంది చూశారు. కానీ చివర్లో జరిగిన ఓ విషయం చాలామంది దృష్టికి రాలేదు. ఆరుగురితో కిందికి దిగుతున్న క్యాప్సూల్‌కు ఉన్న మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు. మిగతా రెండింటితోనే అందరూ క్షేమంగా నేలకు చేరారు.

స్కైడైవర్ వీపు మీద కూడా ఇలాగే ఒకటికి రెండు పారాచూట్లు ఉంటాయి. ఒకటి మెయిన్, రెండోది రిజర్వ్. అయితే ఇక్కడ ఓ తేడా ఉంది. క్యాప్సూల్‌కు మూడూ కలిసే తెరుచుకుంటాయి. స్కైడైవర్ మాత్రం మొదటిది పాడైందని తేల్చుకుని, దాన్ని వదిలించుకుని, ఆ తర్వాతే రెండోది తెరవాలి. దానికి టైమ్ కావాలి. గాల్లో టైమ్ అంటే ఎత్తే. మెయిన్ పారాచూట్ ఎక్కడ తెరవాలన్న ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. అది సరిగ్గా తెరుచుకుంటుందన్న నమ్మకంతో ఆ ఎత్తును ఎంచుకోరు. తెరుచుకోకపోతే ఏంటి అన్న లెక్కతోనే ఎంచుకుంటారు.

సెకనుకు మూడు తాటిచెట్లు

బోర్లా పడుకున్నట్టుగా కిందికి వచ్చే మనిషి వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్ల దగ్గర స్థిరపడుతుంది. అంటే సెకనుకు దాదాపు 176 అడుగులు. ఒక్క సెకనులో మూడు తాటిచెట్లంత ఎత్తు కరిగిపోతుంది. విమానం నుంచి దూకాక మొదటి వెయ్యి అడుగులకు 10 సెకన్లు పడుతుంది. వేగం అందుకున్నాక ప్రతి వెయ్యి అడుగులకు ఐదున్నర సెకన్లే.

ఈ లెక్కన 3,000 అడుగుల ఎత్తులో ఉన్న స్కైడైవర్‌కు, ఏ పారాచూటూ తెరుచుకోకపోతే, నేలకు మధ్య ఉన్నది 17 సెకన్లు. ఫోన్‌లో ఓ రీల్ చూసేంత సమయం కూడా కాదు.

ఆ 17 సెకన్లలో ఎన్ని పనులు జరగాలో చూడండి. నడుము వెనకున్న చిన్న పైలట్ చూట్‌ను లాగి గాల్లోకి వదలాలి. అది సంచిలోంచి పెద్ద పారాచూట్‌ను బయటికి లాగుతుంది. అది మెల్లగా విచ్చుకుని వేగాన్ని తగ్గించేలోపే 600 నుంచి 1,000 అడుగులు ఖర్చయిపోతాయి. ఒక్కసారిగా తెరుచుకుంటే ఒళ్లు విరిగేంత కుదుపు వస్తుంది కాబట్టి కావాలనే ఇలా నెమ్మదిగా తెరుచుకునేలా తయారుచేస్తారు. ఈలోగా తల పైకెత్తి చూడాలి. దీర్ఘ చతురస్రంలా విచ్చుకుందా? తాళ్లు మెలిపడ్డాయా? తాడేదైనా గుడ్డ మీదుగా పడిందా? స్టీరింగ్ పనిచేస్తోందా? తేడా కనిపిస్తే కుడివైపు హ్యాండిల్ లాగి మెయిన్‌ను ఊడగొట్టాలి, వెంటనే ఎడమవైపు హ్యాండిల్‌తో రిజర్వ్ తెరవాలి.

అమెరికాలో స్కైడైవింగ్ నిబంధనలు పెట్టే యునైటెడ్ స్టేట్స్ పారాచూట్ అసోసియేషన్ కనీస ఎత్తులను అనుభవాన్ని బట్టి నిర్ణయించింది. నేర్చుకునేవాళ్లు, మొదటి స్థాయి లైసెన్స్ ఉన్నవాళ్లు 3,000 అడుగుల కంటే కిందికి వచ్చాక తెరవకూడదు. అనుభవం ఉన్నవాళ్లకు 2,500. ఒకప్పుడు పై స్థాయి లైసెన్స్ ఉన్నవాళ్లకు 2,000 అడుగుల దాకా అనుమతి ఉండేది. 2013లో దాన్ని 500 అడుగులు పెంచారు. ఇవి కనీస ఎత్తులు మాత్రమే. చాలామంది ఇంతకంటే పైనే తెరుస్తారు, అదే మంచిది కూడా.

దీనికి తోడు ఇంకో గీత ఉంది. బయట దాని గురించి పెద్దగా మాట్లాడుకోరు గానీ ప్రాణం కాపాడేది ఎక్కువగా అదే. దాని పేరు డెసిషన్ ఆల్టిట్యూడ్. కొత్తవాళ్లకు 2,500 అడుగులు, అనుభవజ్ఞులకు 1,800. ఆ ఎత్తుకు వచ్చేసరికి తల మీద సరైన పారాచూట్ లేకపోతే ఇక దాన్ని బాగుచేసే ప్రయత్నాలు ఆపేసి రిజర్వ్‌కు వెళ్లిపోవాలి. 1,800 అడుగుల నుంచి అదే వేగంతో నేల 10 సెకన్ల దూరం. మెలిపడ్డ తాళ్లు విప్పుకుంటూ ‘ఇంకొక్కసారి చూద్దాం’ అనుకుంటే అక్కడే అయిపోతుంది.

మరి మిలిటరీ పారాట్రూపర్లు ఇంకా తక్కువ ఎత్తు నుంచి దూకుతారు కదా అనే డౌట్ రావచ్చు. అది వేరే పద్ధతి. వాళ్ల పారాచూట్‌ను విమానానికి కట్టిన తాడే లాగి తెరుస్తుంది. పడే వేగం పెరిగే ఛాన్సే ఉండదు, ఎప్పుడు లాగాలన్న నిర్ణయమూ వాళ్లది కాదు.

ఉంగుటూరు మీద దూకితే?

అంత భయమైతే 10,000 అడుగుల దగ్గరే తెరిచేసుకుంటే పోలా అనిపిస్తుంది. దీనికి జవాబు కృష్ణా జిల్లా ఉంగుటూరు మీద ఊహించుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ స్కైడైవింగ్ కేంద్రమేమీ లేదు, కేవలం లెక్క కోసమే.

పారాచూట్ విచ్చుకున్నాక నిమిషానికి దాదాపు వెయ్యి అడుగుల చొప్పున కిందికి వస్తుందనుకుందాం. 10,000 అడుగుల దగ్గర తెరిస్తే 10 నిమిషాలు గాల్లోనే. గాలి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వీస్తుంటే ఆలోగా అది నాలుగు కిలోమీటర్లకు పైగా లాక్కెళ్తుంది. ఉంగుటూరు పొలాల్లో దిగాల్సినవాళ్లు ఓ పక్కకు కొట్టుకుపోతే తేలప్రోలు వైపు జాతీయ రహదారి, కరెంటు తీగలు. ఇంకో పక్క నూజివీడు వైపు మామిడి తోటలు. గన్నవరం విమానాశ్రయం కూడా పక్కనే, విమానాలు దిగే దారి. అదే 3,000 అడుగుల దగ్గర తెరిస్తే కొట్టుకుపోయేది కిలోమీటరున్నర లోపే. పైగా ముందే తెరుస్తానని విమానంలో ఎవరికీ చెప్పకపోతే, వెనక దూకినవాళ్లు ఆ వేగంతో వచ్చి మీద పడే ప్రమాదమూ ఉంది.

చెట్ల మీద దిగడం సినిమాల్లో చూపించినంత సరదాగా ఉండదు. కొమ్మల్లో చిక్కుకున్న పారాచూట్‌లోంచి గాలి పోతుంది, మనిషి అక్కడి నుంచి జారిపడతాడు. ఎండాకాలం మధ్యాహ్నం ఉన్నట్టుండి లేచే గాలిదుమారం కాయను ఎలా రాల్చేస్తుందో నూజివీడు మామిడి రైతుకు చెప్పక్కర్లేదు. నేలకు 200 అడుగుల ఎత్తులో ఉన్న పారాచూట్‌కు ఆ గాలే శత్రువు. ఎంత ఎత్తులో తెరిచినా అలాంటి గాలుల్లో దూకకపోవడమే దారి.

ఎత్తు అంటే సముద్ర మట్టం నుంచి కాదు, దిగబోయే నేల నుంచి. విమానం ఎక్కే ముందు చేతికున్న ఆల్టీమీటర్‌ను సున్నా చేస్తారు. ఉంగుటూరు లాంటి పల్లపు ప్రాంతంలో ఎక్కినా దిగినా పెద్ద తేడా రాదు. కానీ విశాఖ తీరంలో సున్నా పెట్టుకుని అరకు లోయలో దిగాలనుకుంటే? అరకు దాదాపు 3,000 అడుగుల ఎత్తులో ఉంది. మీటర్ 3,000 చూపించేసరికి కాళ్ల కింద నేల ఉంటుంది. అందుకే ఎక్కే చోటుకీ దిగే చోటుకీ ఉన్న తేడాను ముందే సరిచేసుకుంటారు.

విశాఖలో ఏం జరిగింది?

సరైన ఎత్తులో తెరుచుకుంటే చాలు, గండం గడిచినట్టే అనుకోవడానికీ లేదు. 2025 జనవరి మొదటి వారంలో విశాఖ ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాల రిహార్సల్ జరుగుతుండగా ఇద్దరి పారాచూట్లు గాల్లోనే ఒకదానికొకటి చిక్కుకున్నాయి. రెండూ బాగానే తెరుచుకున్నవే. ఇద్దరూ సముద్రంలో పడ్డారు, నేవీ సిబ్బంది బోట్లలో వెళ్లి కాపాడారు. కింద నీళ్లు, దగ్గర్లో బోట్లు ఉండటం అదృష్టం.

ఇలా కాకుండా ఉండాలంటే గుంపుగా దూకేవాళ్లు తెరిచే ఎత్తుకు కనీసం 1,500 అడుగుల పైనే విడిపోయి దూరంగా జరగాలి. తెరుచుకున్నాక కూడా ఒకరి పైన ఒకరు, వెనక ఒకరు వరుస పాటించాలి. ఎంత అనుభవమున్నా ప్రమాదం పూర్తిగా పోదు. 2025 ఏప్రిల్‌లో ఆగ్రాలో డెమో జంప్ చేస్తూ వాయుసేన ఆకాశ్ గంగా బృందంలోని శిక్షకుడే ప్రాణాలు కోల్పోయారు.

స్పృహ తప్పితే?

దీనికోసం ఓ చిన్న యంత్రం ఉంది. ఆటోమేటిక్ యాక్టివేషన్ డివైస్ అంటారు. 1991లో జర్మనీలో వచ్చిన సైప్రెస్ వీటిలో పేరున్నది. గాలి పీడనాన్ని బట్టి ఎత్తు, వేగం లెక్కేస్తుంది. సుమారు 750 అడుగులకు వచ్చినా మనిషి ఇంకా అదే వేగంతో పడుతుంటే రిజర్వ్‌ను తనే తెరిచేస్తుంది. అప్పటికి నేల నాలుగు సెకన్ల దూరంలో ఉంటుంది. ‘మెషీన్ ఉందిగా’ అని ధీమా పడటానికి వీల్లేదని ఆ నాలుగు సెకన్లే చెబుతున్నాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. మెయిన్‌ను మరీ ఆలస్యంగా తెరిస్తే, అది విచ్చుకునేలోపే యంత్రం రిజర్వ్‌ను కూడా వదిలేస్తుంది. రెండు పారాచూట్లూ ఒకేసారి బయటికొస్తే చిక్కుకునే ప్రమాదం ఉంది.

దుబాయ్ వెళ్లి టాండెమ్ చేసేవాళ్ల సంగతి

తెలుగువాళ్లు ఎక్కువగా చేసేది ఇదే. శిక్షకుడి ముందు భాగానికి కట్టుకుని దూకడం. దుబాయ్‌లో అయినా, మన దేశంలో హర్యానాలోని నార్నౌల్‌లో అయినా పద్ధతి ఒకటే. ఇద్దరి బరువుకు వేగం మరీ పెరిగిపోకుండా దూకిన కాసేపటికే డ్రోగ్ అనే చిన్న పారాచూట్ వదులుతారు. పెద్దదాన్ని ఒంటరి స్కైడైవర్ కంటే చాలా ముందే తెరుస్తారు. అమెరికా నిబంధనల్లో టాండెమ్‌కు కనీసం 5,000 అడుగులు. 13,000 అడుగుల నుంచి దూకితే 45, 50 సెకన్లకే ఫ్రీఫాల్ అయిపోతుంది. ‘వీడియో కోసం ఇంకాస్త ఆగి తెరవండి’ అని బతిమాలితే శిక్షకుడు ఒప్పుకోడు. ఒప్పుకున్నాడంటే ఆయనతో దూకకపోవడమే మేలు.

డబ్బు కట్టే ముందు మూడు అడగండి. ఏ ఎత్తులో తెరుస్తారు? ఆటోమేటిక్ యంత్రం ఉందా? రిజర్వ్‌ను చివరిసారి ఎప్పుడు విప్పి మళ్లీ మడతపెట్టారు? మూడో ప్రశ్నకు జవాబు రిజర్వ్‌తో పాటు ఉండే ప్యాకింగ్ కార్డులోనే తేదీతో సహా ఉంటుంది.