పేరు కాదు, ఊరు పట్టుకోవాలి: నార్వే చర్చి రిజిస్టర్లపై అపోహలు – వాస్తవాలు

హోటల్ బోర్డు మీద హిల్టన్ అన్న పేరు చూస్తే అచ్చ ఇంగ్లీషు పేరనే అనుకుంటాం. ఆ హోటళ్లు పెట్టిన కాన్రాడ్ హిల్టన్ తండ్రి నార్వే మనిషి. క్లోఫ్తా అనే ఊరి దగ్గర హిల్టన్ అనే కమతం నుంచి అమెరికా చేరాడు. కమతం పేరు ఇంటిపేరైంది, ఇంటిపేరు హోటలు పేరైంది.

1825 జూలైలో నార్వేలోని స్తావంగర్ రేవు నుంచి యాభై మందికి పైగా జనంతో 'రెస్టరేషన్' అనే చిన్న ఓడ అమెరికాకు బయల్దేరింది. అక్కడి నుంచి సుమారు వందేళ్లలో నార్వే నుంచి ఎనిమిది లక్షలకు పైగా మనుషులు ఉత్తర అమెరికా వెళ్లిపోయారు. మిన్నెసోటాలో, విస్కాన్సిన్‌లో, డకోటాల్లో వాళ్ల మునిమనవలు ఇప్పుడు పాత చర్చి రిజిస్టర్లు తిరగేస్తున్నారు. అందులో చాలామంది మొదటి అడుగులోనే దారి తప్పుతారు. కారణం, తాతముత్తాతల గురించి ఇంట్లో విన్న కొన్ని గట్టి నమ్మకాలు.

అపోహ: ఇంటిపేరు తెలిస్తే వంశం దొరికినట్టే.

అసలు అక్కడి పల్లెల్లో మనం అనుకునే ఇంటిపేరే లేదు. అందరికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలని చట్టం వచ్చింది 1923లో. అంతకుముందు హాన్స్ కొడుకు ఓలే అయితే ఓలే హాన్సెన్. ఆ ఓలేకు కొడుకు పుడితే ఒల్సెన్, కూతురు పుడితే ఒల్స్‌దత్తర్. ఆమెకు పెళ్లయినా ఆ పేరు మారదు, చనిపోయేదాకా తండ్రి కూతురే. దీని వెనక కమతం పేరు తగిలించేవారు. మనలోనూ ఊరి పేరే ఇంటిపేరైన కుటుంబాలు బోలెడు. కానీ మనవాళ్లు ఎక్కడికి వలస పోయినా ఆ పేరు వెంట తీసుకెళ్తారు. నార్వే రైతు దాన్ని అక్కడే వదిలేసి, కొత్త చోటి పేరు పెట్టుకునేవాడు. బాకె కమతంలో పుట్టిన ఓలే, హౌగెన్ కమతానికి ఇల్లరికం వెళ్లాడనుకుందాం. మర్నాటి నుంచి అతను ఓలే హాన్సెన్ హౌగెన్. ఆ కమతం అంచున గుడిసె వేసుకుని కూలి చేసుకునే మనిషినీ హౌగెన్ అనే రాస్తారు, ఇద్దరికీ చుట్టరికం లేకపోయినా.

అంటే ఆ చివరి మాట ఒక చిరునామా. అమెరికాలో దిగాక అన్న హాన్సెన్‌గా, తమ్ముడు బాకెగా స్థిరపడ్డా ఆశ్చర్యం లేదు. ఇంటిపేరు పట్టుకుని వెతికేవాళ్లకు ఈ ఇద్దరూ ఒక తల్లి పిల్లలని ఎప్పటికీ తెలియదు.

అపోహ: ఎల్లిస్ ఐలాండ్‌లో గుమస్తాలు మా పేరు మార్చేశారు.

అమెరికాలో ఇంటింటా వినిపించే కథ ఇది. ఎల్లిస్ ఐలాండ్ అంటే న్యూయార్క్ రేవులో వలసవాళ్లను తనిఖీ చేసి లోపలికి పంపిన చోటు. అక్కడి ఉద్యోగులు, ఓడ బయల్దేరిన రేవులో తయారైన ప్రయాణికుల జాబితాను దగ్గర పెట్టుకుని ప్రశ్నలడిగేవారు. కొత్త పేర్లు పెట్టడం వాళ్ల పని కాదు. అన్నిటికీ మించి, ఎల్లిస్ ఐలాండ్ తెరుచుకుంది 1892లో. నార్వే వలస పతాక స్థాయికి చేరింది 1882లో, ఆ ఒక్క ఏడాదే 28 వేలకు పైగా వెళ్లారు. 1850లు, 60ల్లో తెరచాప ఓడలెక్కిన నార్వేవాళ్లలో ఎక్కువ మంది కెనడాలోని క్యూబెక్‌లో దిగారు. పేర్లు మారింది తర్వాత, బడిలో, పొలం కాగితాల్లో, పొరుగువాడి నోట్లో. అమెరికా ఉపాధ్యక్షుడిగా చేసిన వాల్టర్ మోండేల్ ఇంటిపేరు నార్వేలో ఫ్యార్లాండ్‌లోని ముందాల్ నుంచి వచ్చిందే.

అపోహ: 'మేం బెర్గెన్ వాళ్లం' అన్నారు కాబట్టి బెర్గెన్ చర్చిలోనే వెతకాలి.

ఆ మాటకు అర్థం ఓడెక్కింది బెర్గెన్‌లో అని కావచ్చు, ఆ చుట్టుపక్కల జిల్లా అని కావచ్చు. అమెరికా జనగణనలో పుట్టిన చోటు దగ్గర చాలాసార్లు ఉత్త 'నార్వే' అనే ఉంటుంది. అసలు ఊరు కావాలంటే వలస వచ్చినవాళ్లు అమెరికాలో కట్టుకున్న లూథరన్ సంఘాల పుస్తకాలు చూడాలి. సభ్యుల జాబితాలో, సమాధుల పద్దులో స్వదేశపు ప్యారిష్ పేరు రాసిన పాస్టర్లు చాలామందే ఉన్నారు. నా లెక్కలో ఈ పని అమెరికాలో పూర్తి చేయకుండా నార్వే రిజిస్టర్లు తెరవడం కాలం వృథా.

ఆ ప్యారిష్ దొరికాక తెరుచుకునే పుస్తకాల మీదా అపోహలు తక్కువేం లేవు. రాత గొలుసుకట్టు గోథిక్ లిపి. భాష డేనిష్, ఎందుకంటే 1814 దాకా నార్వే డెన్మార్క్ రాజు పాలనలో ఉంది. రిజిస్టర్‌లో ఉన్నది పుట్టిన తేదీ అని చాలామంది రాసుకుంటారు. పాత పుస్తకాల్లో ఉండేది బాప్తిస్మం తేదీ. అదీ తేదీలా ఉండదు, 'త్రిత్వ పండుగ తర్వాత మూడో ఆదివారం' అని ఉంటుంది. ఈ పండుగలు ఈస్టర్‌ను బట్టి జరుగుతాయి. ఆ మూడో ఆదివారం 1750లో జూన్ 14న వచ్చింది, మరుసటి ఏడు జూన్ 27న. ఈస్టర్ పట్టిక పక్కన పెట్టుకోకపోతే లెక్క తప్పుతుంది.

బాప్తిస్మం పద్దు ఒక్కటే చాలనుకోవడం ఇంకో పొరపాటు. ఎదిగిన పిల్లలు మత పాఠాలు నేర్చి సంఘం ముందు తమ విశ్వాసం ప్రకటించడమే కన్ఫర్మేషన్. గుంటూరు, రాజమండ్రి లూథరన్ కుటుంబాలకు ఇది కొత్త మాట కాదు. నార్వేలో 1736లో అది తప్పనిసరైంది, అది కాకుండా పెళ్లి చేసేవారు కాదు. పందొమ్మిదో శతాబ్దపు కన్ఫర్మేషన్ పద్దు ఒకటి ఎడమ నుంచి కుడికి చదవండి. పదిహేనేళ్ల కుర్రాడి పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, ఉంటున్న కమతం. పక్కనే మత జ్ఞానంలో, నడవడిలో పాస్టరు ఇచ్చిన మార్కు, 'చాలా బాగు' అనో 'ఫరవాలేదు' అనో. ఆ పక్కన మశూచి టీకా ఎప్పుడు వేశారు, ఎవరు వేశారు. 1810 నుంచి టీకా లేనిదే కన్ఫర్మేషన్ లేదు, పెళ్లీ లేదు. ఒకే పేరున్న ఇద్దరిలో మనవాడెవడో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి పద్దు లేదు.

అపోహ: ఒకే ఇంట్లో ఇద్దరు ఓలేలుంటే ఒకటి రాతలో దొర్లిన తప్పు.

తప్పు కాదు. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టడం ఆనవాయితీ. తాతలిద్దరూ ఓలేలైతే ఇంట్లో పెద్ద ఓలే, చిన్న ఓలే. బిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు. భార్య పోయి మళ్లీ పెళ్లాడితే, రెండో భార్యకు పుట్టిన మొదటి కూతురికి పోయినామె పేరు పెట్టేవారు. మనకు వింతగా తోచినా వెతికేవాళ్లకు ఇది వరం. పిల్లల పేర్లే తాతల పేర్లు చెప్పేస్తాయి.

అపోహ: చర్చి కాలిపోయింది, ఇక ఏమీ మిగల్లేదు.

ఆ భయం చాలాసార్లు అనవసరం. 1812 ఉత్తర్వు ప్రకారం పాస్టరు పుస్తకానికి నకలు చర్చి క్లర్కు విడిగా రాయాలి. ఆ రెండూ రాత్రిపూట ఒకే కప్పు కింద ఉండకూడదని కూడా నియమం. నిప్పుకు భయపడి ఇంత ముందుచూపుతో నియమం రాసిన గుమస్తా ఎవరో గానీ దండం పెట్టాలి. రెండు ప్రతుల్లో వివరాలు తేడాగానూ ఉంటాయి కాబట్టి ఒకటి దొరికినా రెండోది చూడాల్సిందే.

ఇవన్నీ చూడ్డానికి డబ్బు కట్టాలని కొందరి అభిప్రాయం. నార్వే జాతీయ ఆర్కైవ్స్ ఆ రిజిస్టర్ల ఫొటోలను 'డిజిటాలార్కివెట్'లో ఉచితంగానే పెట్టింది. 1801, 1865, 1875, 1900, 1910 జనగణనలు పేర్లతో సహా అక్కడే దొరుకుతాయి. సూచికలో పేరు దొరకగానే ఆగిపోకుండా అసలు పేజీ ఫొటో తెరవాలి. గోథిక్ రాతను తప్పుగా చదివి సూచికలోకి ఎక్కించిన పేర్లు తక్కువేం కావు.

ఇక 'మాది వైకింగ్ రాజుల వంశం' అన్న మాట సంగతి. మిగిలిన చర్చి రిజిస్టర్లలో అతి పాతది ఆండెబూ ప్యారిష్‌ది, 1623లో మొదలవుతుంది. వైకింగుల కాలం పదకొండో శతాబ్దంలోనే ముగిసింది. మధ్యలో ఐదు వందల ఏళ్లకు పైగా ఖాళీ. భూమి కాగితాలు, ఆస్తి పంపకాల పత్రాలు ఉన్న పెద్ద రైతుల వంశాలు కొంత వెనక్కి పోతాయి. కూలి కుటుంబాల జాడ చాలాసార్లు 1700ల తొలి దశకాల్లోనే ఆగిపోతుంది. ఓడలెక్కినవాళ్లలో అలాంటి కుటుంబాలవాళ్లు చాలామంది.