విన్నది తిరిగి చెప్పాలి: ఎందుకు? ఎలా?

డాక్టరు ముందు కూర్చోగానే చెప్పాలనుకున్నది సగంలోనే ఎందుకు ఆగిపోతుంది?

మాట మధ్యలో అందుకునే చనువు ఆ గదిలో ఒక్కరికే ఉంటుంది కాబట్టి. అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే పరిశోధకులు డాక్టర్లతో రోగుల 74 సంప్రదింపులను పరిశీలించి 1984లో ఫలితాలు ప్రకటించారు. డాక్టర్లు అడ్డుపడిన చోట్ల, రోగి నోరు విప్పిన సగటున 18 సెకన్లకే అడ్డుపడ్డారు. ఆ తర్వాత రోగి ఆ మాట పూర్తి చేయడం చాలా అరుదు.

దీనికి విరుగుడు ఉందా?

ఉంది. మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1952లో ఒక నియమం సూచించారు. ఎదుటివారి మాటనూ అందులోని భావాన్నీ వారికి తృప్తి కలిగేలా తిరిగి చెప్పాకే మన మాట మొదలుపెట్టాలి. అర్థమైందో లేదో తేల్చే అధికారం అప్పుడు మాట్లాడినవారి చేతికి వస్తుంది. అసలు ఫలం అదే.

మరి తిరిగి చెప్పినా ఒక్కోసారి ఎందుకు పనిచేయదు?

ఓపీలో ఓ పెద్దావిడ "కడుపులో మంట బాబూ, రాత్రిళ్ళు నిద్రే పట్టట్లేదు..." అంటుంది. "గ్యాసే కదమ్మా?" అంటాడు డాక్టరు. "ఆ, అంతే బాబూ" అనేసి ఊరుకుంటుంది. ఆయన తిరిగి చెప్పింది ఆమె మాట కాదు, తన నిర్ణయం. అంత చదువుకున్నాయన అలా అన్నాక కాదనడానికి ఆమెకు నోరు రాదు. మేనేజరు ముందు ఉద్యోగికైనా, మామగారి ముందు కోడలికైనా ఇదే ఇబ్బంది. వాళ్ళ 'అవునండి'లో ఒప్పుకోలు కంటే జంకే ఎక్కువ ఉండొచ్చు.

అయితే ఎలా అడగాలి?

ముందు వాళ్ళ మాటలతోనే చెప్పాలి: "మంట ఉంది, దానికితోడు నిద్ర కూడా పట్టట్లేదంటున్నారు." వెంటనే "అంతేనా?" అనకుండా, "నేను వదిలేసింది ఏమిటో చెప్పండమ్మా" అనాలి. అప్పుడు సరిదిద్దడం ఎదురుచెప్పినట్టు కాదు, అడిగిన సాయం చేసినట్టు. తర్వాత కాసేపు ఊరుకోవాలి. వాళ్ళు దిద్దితే, దిద్దిన మాటనే మళ్ళీ చెప్పాలి. సలహా ఆ తర్వాతే.

కింది స్థానంలో ఉన్నవారికి ఇది పనికొస్తుందా?

వస్తుంది. "శుక్రవారానికి మొదటి భాగం చాలన్నారు, మిగతాది తర్వాత ఇవ్వమంటారా?" అని అడిగితే పై అధికారి కూడా తన మాటను సరిచూసుకుంటారు. అయినా భారం ప్రధానంగా పైవారిదే. తాను చేసేది భావాలకు అద్దం పట్టడం కాదని, తన అవగాహన సరైనదో కాదో పరీక్షించుకోవడమని రోజర్స్ 1986లో రాశారు. మీ కింద పనిచేసేవారు జంకకుండా "కాదండీ, నేనన్నది అది కాదు" అంటున్నారంటే, వినడం మీకు పట్టుబడుతున్నట్టే.