లంబాడీలు ఒక జాతి యైన విధము

మన తంగళ్ళపల్లినుండి మానేరు దాటి సిరిసిల్లకు పోవువారిలో వీర్నపల్లి, ఎల్లారెడ్డిపేట తట్టు తండాల లంబాడీలను చూడనివారుండరు. కొందరు వారి పేరునే తిట్టుగా వాడుట విని మేము సిగ్గుపడితిమి. ఆ పేరు వెనుకనున్న కథ నిచ్చట కొంత వ్రాయుచున్నాము.

వీరి గోర్ బోలి రాజస్థానమునందలి భాషలకు చుట్టము. కావున వీరచ్చటినుండి వచ్చిరనుట నిజమే. కాని వచ్చినంతమాత్రమున జాతి యేర్పడునా? రైళ్లు లేని కాలమున ఎద్దుల వీపుల పై గోనెలు వేసి ఉప్పును, ధాన్యమును దేశమంతట త్రిప్పినవారు వీరు. లవణ శబ్దమునుండి లంబాడీ యనియు, వాణిజ్య శబ్దమునుండి బంజారా యనియు పేరులు వచ్చెనని పలువురందురు. మొగలు సేనలు దక్కనునకు వచ్చినప్పుడును, 1791-92లో కారన్‌వాలిసు శ్రీరంగపట్టణముపై దండెత్తినప్పుడును ధాన్యము మోసినవి వీరి యెడ్లే. ఏడాది పొడుగున త్రోవలలోనే కాపురము; తగవు తీర్చుటకు నాయకుడు; పెండ్లిండ్లు తమలోనే. ఇట్లు కొన్ని తరములు గడవగా తమవారు గోర్, తక్కినవారు కోర్ అను భేదము స్థిరపడెను. వృత్తియే కులమైన దన్నమాట.

1853లో రైలు వచ్చెను. క్రమముగా ఎడ్లకు పని తప్పి, తిరుగుట మాత్రము మిగిలెను. తిరుగువారన్న సర్కారులకు అనుమానము మెండు. 1871 నాటి నేరస్థజాతుల చట్టము పుట్టుకనే నేరముగా నెంచెను. పలు తావులలో లంబాడీలనుగూడ ఆ పట్టికలో వ్రాసిరి. స్వతంత్రము వచ్చిన పిమ్మట, 1952లో గాని యది తొలగలేదు. తరువాతి పట్టికలు మఱియొక వింత. ఒకే జనము కర్ణాటకమున షెడ్యూల్డు కులము, మహారాష్ట్రమున విముక్తజాతి. ఆంధ్రప్రాంతమున 1956లోనే షెడ్యూల్డు తెగ, మన తెలంగాణమున 1976 చట్టముచేత గాని కాదు. ఏరు దాటినంతనే మనుష్యుడు మాఱునా?

ఐరోపాయందును ఇట్టిదే కలదు. జిప్సీల రోమానీ భాష హిందూదేశపు భాషలకు చెందినది. ఐర్లండులోని ట్రావెలర్లన్ననో పరదేశము నుండి వచ్చినవారు కారు, ఐరిషువారే. పాత్రలకు మాట్లు వేయుచు, గుఱ్ఱముల నమ్ముచు తిరిగి తిరిగి వేఱు జనమైరి. 2017లో వారి ప్రభుత్వము దాని నంగీకరించెను.

పూర్వము తండా యనగా నడచుచుండు ఎడ్ల బిడారు. 2018 పంచాయతి చట్టము పిమ్మట మన రాష్ట్రమున పెక్కు తండాలు ప్రత్యేక గ్రామపంచాయతులైనవి. నడచినదాని పేరు నేడు కదలని యూరికి పేరైనది.