లినక్స్ యంత్రమున మెమరీకి మితి

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల శాసనపాఠములకు పదసూచి కూర్పదలచిన పరిశోధకునికి నేడు కంప్యూటరు తప్పనిసరి. అందు తెలుగులిపి కొంత యెక్కువ చోటు కోరును. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలగా, తెలుగు సంకేతమొక్కటికి మూడు వలయును. ‘పెనుకొండ’ యందు కంటికి కనిపించునవి నాలుగక్షరములే. గుణింతపు గుర్తులు, సున్న విడిగా లెక్కకు వచ్చుటచే సంకేతములు ఎనిమిది, బైట్లు 24. ప్రతి పదమునకును దాని ముందువెనుకల పదములను జేర్చి మెమరీలో నిలుపుకొను సూచీ ప్రోగ్రాము మూలపాఠమునకు ఎన్నో రెట్లు పెరుగును.

మెమరీ నిండినచో జరుగునదేమి? లినక్స్, ప్రోగ్రాములు అడిగిన చోటును, తన వద్ద నున్నదానికంటె నెక్కువైనను, ముందుగా ఒప్పుకొనును. అన్నియు ఒక్కసారి వాడుకొనవను నమ్మకమే దీని కాధారము. ఆ నమ్మకము తప్పిననాడు పుటలు డిస్కునకు తరలును; యంత్రము మందగించును; తుదకు కెర్నెల్ ఏదో యొక ప్రోగ్రామును తొలగించును. సాధారణముగా పెద్దదానినే యెన్నుకొనును. ఆ పెద్దది, దినమంతయు సవరించి ఇంకను భద్రపరుపని వ్రాతప్రతిని తెరచియున్న ప్రోగ్రామే కావచ్చును. తప్పొకరిది, దండన మరొకరికి.

నీటి పంపకము నెరిగిన ఈ సీమవారికి ఇట్టి చిక్కు క్రొత్తది కాదు. ప్రతాపబుక్కరాయల ఆజ్ఞచే సింగయభట్టను జలసూత్రజ్ఞుడు పెన్నానీటిని కాలువ ద్వారా పెనుకొండకు మరల్చిన వృత్తాంతమును 1388 నాటి శాసనమొకటి తెలుపుచున్నది. నీరు తెచ్చుట ఒక యెత్తు, పంచుట మరియొక యెత్తు. మడికింతయని మితి పెట్టినచో, ఒక మడిని పదిగా చీల్చుకొన్నవాడు పదింతలు పారించుకొనును. అతని పొలమున కంతకును తూమువద్దనే కొలత పెట్టినచో ఆ యుపాయము సాగదు.

‘యూలిమిట్’ మొదటి విధము. అది ఒక్కొక్క ప్రాసెస్ కోరదగిన చిరునామాల విస్తృతికి హద్దు. నిజముగా వాడిన మెమరీకి కాదు. పైగా రెండు గిగాబైట్ల హద్దుగల ప్రోగ్రాము నాలుగు పిల్లప్రాసెస్‌లను పుట్టించిన, ప్రతి పిల్లకును మరల రెండేసి లభించును. నిజముగా వాడిన మెమరీకని అందే వేరొక మితి పేరు కలదు గాని, నేటి కెర్నెల్ దానిని పాటింపదు! మాన్యువలు చదువనివారు ఇచ్చటనే మోసపోవుదురు.

రెండవది కంట్రోల్ గ్రూపు. 2006లో గూగుల్ ఇంజనీర్లు ఆరంభించిన ఈ యేర్పాటు 2008 జనవరిలో 2.6.24 కెర్నెల్‌లో చేరినది. మెమరీ మితి ఆ యేటనే 2.6.25లో వచ్చినది. ఇందు ప్రోగ్రామును దాని సంతానమును ఒకే కుటుంబముగా లెక్కింతురు. ‘మెమరీ హై’ అను హద్దు దాటినచో కుటుంబము వేగము తగ్గును, పుటలు వెనుకకు తీసికొనబడును. ‘మెమరీ మ్యాక్స్’ దాటి, వెనుకకు తీయుటకేమియు మిగులనిచో తొలగింపు జరుగును; ఐనను ఆ కుటుంబములోనే. వ్రాతప్రతి క్షేమము.

ఎనిమిది గిగాబైట్ల యంత్రమున ‘సిస్టమ్‌డీ-రన్’ ద్వారా సూచీ ప్రోగ్రామునకు హై నాలుగు, మ్యాక్స్ ఐదు అని పెట్టవచ్చును. స్వాప్ మితిని సున్న చేయనిచో పొంగినది డిస్కుమీద పడును. అంకెలు ఊహించుట కంటె, ముందు ధర్మవరపు శాసనములను మాత్రము నడిపి, 2022లో 5.19 కెర్నెల్‌తో వచ్చిన ‘మెమరీ పీక్’ అను లెక్కలో అత్యధిక వాడుక యెంతయో చూచి, తక్కిన రెండు ప్రాంతముల పాఠములను అటుపిమ్మట చేర్చుట మేలు.