మొలలోతు నీటికి తగిన తొడుగు

నీటి లోతును తెలుగువాడు కొలబద్దతో గాక తన శరీరముతోనే కొలుచుచు వచ్చినాడు. చీలమండలోతు, పిక్కలోతు, మోకాటిలోతు, తొడలోతు, మొలలోతు, రొమ్ములోతు, పీకలోతు, ఆపైన నిలువులోతు: ఏరు దాటవలసినవాడు గట్టున నిలిచి ఆవలినుండి వచ్చువానిని అడుగునది ఈ మాటలతోనే. వచ్చిన సమాధానమును బట్టియే పంచె ఎంతవరకు ఎగగట్టవలెనో, మూటను భుజమున నుంచుకొనవలెనో నెత్తికెత్తుకొనవలెనో, లేక నేటికి వెనుదిరిగి పోవలెనో నిశ్చయించుకొనును. అమెరికాలోని మోంటానా రాష్ట్రమున చల్లని నదులలో దిగి గాలము వేయువారు, నీరు చొరనీయని ఒకవిధమైన తొడుగులను ధరింతురు. వానిని వేడర్లు అందురు. ఒక అంగడిలో అవి వరుసగా వ్రేలాడుచుండగా మొదటిసారి చూచినప్పుడు నాకు మన ఏటి కొలతలే స్ఫురించినవి. ఏలయన అవియును తొడలవరకు వచ్చునవి, మొలవరకు వచ్చునవి, రొమ్ములవరకు వచ్చునవి అని మూడు తరగతులై యున్నవి. వానిలో నడిమిదానిని గూర్చి, దానిని ఎంచుకొనవలసిన తీరును గూర్చి చెప్పదలచితిని.

ఈ తొడుగులు ధరించి వారు ఆడు ఫ్లై ఫిషింగ్ అనునది చెరువుగట్టున కూర్చుండి, కొక్కెమునకు ఎర గ్రుచ్చి, బెండు ఎప్పుడు మునుగునా యని చూచుచుండెడు మన గాలపువేట వంటిది కాదు. ఇందు ఎర వానపాము కాదు. ఈకలను, వెండ్రుకలను దారముతో చిన్న కొక్కెమునకు చుట్టి చేసిన కృత్రిమకీటకము. విసరినంతమాత్రమున దూరము పోవుటకు దానికి బరువు చాలదు గనుక, ఆ బరువును గాలపుత్రాటికే కల్పించి, త్రాటిని వెనుకకును ముందునకును ఆడించి, నిజమైన పురుగు వ్రాలినంత మెత్తగా దానిని నీటిపై వ్రాల్చవలెను. గట్టుననే నిలిచి విసరినచో వెనుకనున్న చెట్లకొమ్మలకు త్రాడు చిక్కుకొనును. చేపలేమో ఏటినడుమ రాళ్ల చాటున నుండును. కావున వేటకాడు నీటిలో దిగక తప్పదు. ఈ వేటకు గురియైన ట్రౌట్ చేప బ్రదుకునది చల్లని నీటిలో. నీటి ఉష్ణవాహకత్వము గాలిదానికంటె ఇరువది రెట్లకు పైబడినది యగుటచేత, మంచు కరగి వచ్చిన ఆ నీటిలో వట్టికాళ్లతో నిలిచినవానికి కొద్దిసేపటికే పాదములు తిమ్మిరెక్కి, అడుగున రాయి యున్నదో లేదో తెలియకుండబోవును. మన మాగాణులలో నాట్లు వేయు స్త్రీలు ప్రొద్దెక్కినది మొదలు క్రుంకువరకు బురదలో నిలువగలుగుట ఆ నీటి వెచ్చదనము వలన గదా!

నేను దిగిన నది మాడిసన్. ఎల్లోస్టోన్ జాతీయోద్యానమున ఫైర్‌హోల్, గిబ్బన్ అను రెండేరులు కూడుటతో ఇది పుట్టును. హెబ్గెన్ జలాశయమును దాటి, 1959 ఆగస్టు 17వ తేదీ రాత్రి భూకంపమునకు కొండచరియ విరిగి నదికి అడ్డముపడగా ఏర్పడిన క్వేక్ సరస్సును దాటి, ఎన్నిస్ అను చిన్నయూరి ప్రక్కగా సాగి, కడకు త్రీ ఫోర్క్స్ వద్ద జెఫర్సన్, గల్లాటిన్ నదులతో కలసి మిస్సోరీ యనిపించుకొనును. క్వేక్ సరస్సు నుండి ఎన్నిస్ వరకు దీనికి మడుగులు అరుదు. గుండ్రాళ్లమీదుగా, మోకాటికిని తొడకును నడుమ లోతున, మైళ్లకొలది విరామము లేక ఉరుకుచుండును. మొలవరకు వచ్చు తొడుగు ఈ నది కొరకే పుట్టినదా యనిపించును. జూన్ కడపటను జూలై తొలిదినములలోను సామన్‌ఫ్లై అను పెద్ద పురుగులు నీటినుండి ప్రాకి గట్టుపొదల కెక్కి రెక్కలు విప్పుకొను కాలమున, ఏటేటా అచటికి పోవు అలవాటుగల మా మేనల్లుడు నన్నును వెంట గొనిపోయెను.

నాకు సొంత తొడుగు లేనందున ఒక దుకాణమున అద్దెకు తీసికొంటిమి. అచటివారు నా నడుము కొలత యడిగి ఒకటి తెచ్చియిచ్చిరి. అది నడుమునకు కుట్టించినట్లే యుండెను. నీటిలో దిగిన పావుగంటకు దాని లోపము తెలియవచ్చినది. పాదమువద్ద దానికి అతికియున్న మేజోడు వదులై ముడుతపడి, ఆ ముడుత బొటనవ్రేలి మొదట గులకరాయివలె ఒత్తసాగెను. రాతినుండి రాతికి కాలు చాచినప్పుడెల్ల గజ్జలయొద్ద కుట్టు బిగిసి, అడుగు పడవలసిన చోటికి జానెడు ఇవతలనే పడుచుండెను. ప్రవాహమున జానెడు తక్కువయిన అడుగు ఎట్టిదో అనుభవించినవారికి వేరుగ చెప్ప నక్కరలేదు.

“నడుముదేముంది మామయ్యా, బెల్టు పెట్టి బిగించుకోవచ్చు. కాలి పొడవూ పాదమూ కుదరకపోతే మాత్రం దానికి మందు లేదు. రేపు కుర్చీ మీద కాలు పెట్టి చూసి మరీ తీసుకుందాం,” అనెను మా మేనల్లుడు.

అతడు చెప్పినదే ఈ కొనుగోలులో ప్రథమసూత్రమని నా నమ్మకము. పేరు మొలతొడుగే గాని, కొలత మొలది కాదు, కాళ్లది. నదికి వేసికొనిపోవు మందపు లాగును, ఉన్నిమేజోళ్లను తొడుగుకొనియే అంగడిలో దీనిని వేసికొని చూడవలెను. గొంతుక్కూర్చుండవలెను, ఒక కాలు కుర్చీపై నుంచి ముందునకు వంగవలెను, మోకరిల్లి లేవవలెను. వీనిలో ఎక్కడనైనను గజ్జలు పట్టినచో అది పొట్టిది. కొన్ని దినములలోనే అచట కుట్టు విడి నీరు కారును. పిక్కలచుట్టు సంచివలె మూగినచో అది పొడుగుది; మోకాళ్లలోపలి ప్రక్కల ఒండొంటితో రాసికొని బట్ట అరగిపోవును, ప్రవాహము పట్టి లాగుటకును ఎక్కువ తావు దొరకును. పాదమునకు రెండు విధముల ఏర్పాటు కలదు. ఒకదానియందు రబ్బరు బూటు తొడుగుతో ఏకముగా అతికియుండును. తొడుగుట తేలిక, చలికాలమున వెచ్చన, కాని చీలమండను పట్టియుంచదు. రెండవదానియందు నియోప్రీన్ అను కృత్రిమ రబ్బరుతో చేసిన మేజోడు మాత్రమే అతికియుండి, దానిపై వేరుగ బూటు తొడిగి త్రాళ్లు బిగించుకొనవలెను. గుండ్రాళ్ల నదికి ఈ రెండవదే మేలు. అయితే బూటు మామూలుకంటె ఒక సైజు పెద్దదిగా తీసికొనవలెను, లేనిచో మందపు మేజోడు లోపల నలిగి రక్తప్రసారము తగ్గి, ఏ చలికి వెరచి తొడుగు వేసికొంటిమో ఆ చలియే పాదములను పట్టును.

బట్టను గూర్చి కొంత చెప్పవలెను. పూర్వము రబ్బరు పూసిన కాన్వాసుగుడ్డతోనే ఇవి తయారగుచుండెను, బరువు, ఉక్క. 1930లో డ్యూపాంట్ సంస్థవారి ప్రయోగశాలయందు ఈ నియోప్రీన్ పుట్టినది. తరువాతి కాలమున దానిని వాయుకణములు నిండిన నురుగుగా మలచి తొడుగులు చేసిరి. అవి వెచ్చగా నుండును, కాని వేసవిలో రెండడుగులు నడచినచో చెమటతో తడిసిపోవుదుము. అసలైన మార్పు 1969లో వచ్చినది. మన వంటిండ్లలో పెనములమీది పూతగా ఎరిగిన టెఫ్లాన్ జాతి పదార్థపు కడ్డీలను వేడిచేసి సాగదీయుటకు బాబ్ గోర్ అనునతడు ప్రయత్నించుచుండెను. మెల్లగా, జాగరూకతతో లాగినకొలది అవి తెగుచుండెను. విసిగి ఒక్కపెట్టున లాగగా, తెగుటకు మారుగా అది అనేక రెట్లు సాగి, సూక్ష్మరంధ్రములతో నిండిన పొరగా మారెను. నీటిబొట్టు చొరలేనంత సన్ననివి, ఆవిరి వెలువడుటకు చాలినంత పెద్దవి ఆ రంధ్రములు. గోర్‌టెక్స్ అనునది ఇదియే. ఇట్టి పొరను రెండు బట్టల నడుమ అతికి చేసినవే నేటి ఊపిరాడు తొడుగులు. వేసవిలో మోకాటి పైలోతున తిరుగువాడు ఇట్టిదానినే కొనవలెను. చలి యెక్కువైనచో లోపల ఉన్నిలాగు వేసికొనవచ్చును గాని, నియోప్రీన్ తొడుగులోని ఉక్కను తగ్గించుకొనుటకు ఉపాయము లేదు. ధర చూచుకొనువారు మోకాళ్లవద్దను పిరుదులవద్దను అదనపు పొర యున్నదా యని ముందు చూడవలెను. రాతిమీద కూర్చుండునదియు మోకరించునదియు అచటనే గదా.

రొమ్ములవరకు వచ్చుదానిని కొని అవసరమైనప్పుడు మొలవరకు చుట్టుకొనవచ్చును గదా యని కొందరందురు. పలు నదులలో తిరుగుచు ఒక్కటి మాత్రమే కొనగలవానికి అది సరియైన సలహాయే. కాని ఎండలో నడుముచుట్టు చుట్టబెట్టుకొన్న ఆ మూట వలని ఉక్క, బరువు నేను చూచితిని. మొలతొడుగు తేలికయైనది, నడుమునందు బెల్టుతో లాగువలె నిలుచును, కాలకృత్యములకు అడ్డము రాదు, దారిలో కారు దిగి ఏటివరకు మైలు నడచినను విసుగు పుట్టదు.

అంతకంటె ముఖ్యమైనది ఇంకొకటి కలదు. నీటిలో లోతునకు పోయినకొలది నీరు మనలను తేలగొట్టును. మొలలోతున నిలిచినవాని బరువులో సుమారు సగము నీరే మోయును. బరువు సగమైనచో అడుగునకు రాతిమీద పట్టును సగమే. అటుపై నీరు తోయుటకు దొరకు శరీరభాగము పెరుగును; ప్రవాహవేగము రెండింతలైనచో ఆ తోపుడు నాలుగింతలగును. పట్టు తగ్గుటయు తోపుడు పెరుగుటయు కలసివచ్చు ఎల్ల ఈ మొలయే. కావున మొలతొడుగు వేసికొన్నవాడు తొడల నడిమివరకే దిగవలెను. ప్రవాహము ఎదురుగా శరీరమునకు తగిలి కొంత పైకి ఉబుకును గనుక బెల్టునకు క్రింద ఒక జానెడు పొడిగా నుంచుకొనవలెను. తొడుగులోనికి నీరు నిండినచో అదియే మనుష్యుని అడుగునకు లాగునని ఒక భయము కలదు. అది నిజము కాదు. లోపలి నీరును వెలుపలి నీరును ఒకే బరువు గలవి. అమెరికా వేటకాండ్రలో ప్రసిద్ధుడైన లీ వుల్ఫ్ ఈ భయమును పోగొట్టుటకే తొడుగుతో వంతెనపైనుండి నదిలో దుమికి ఈది చూపెను. అయినను నీరు నిండిన కాళ్లతో గట్టెక్కుట మాత్రము మిక్కిలి కష్టము. అందుచేతనే బెల్టు బిగువుగా నుండవలెను.

బూటు అడుగును గూర్చి ఒక్కమాట. ఫెల్టు అతికిన అడుగు పాచిరాళ్లపై చక్కగా పట్టును, కాని తడిని, బురదను, సూక్ష్మజీవులను తనలో దాచుకొని వేరొక నదికి మోసికొనిపోవును. న్యూజిలాండ్ నదులలో డిడిమో అను నాచు 2004లో కనబడగా, 2008లో ఆ దేశము ఫెల్టును నిషేధించెను; ఎల్లోస్టోన్ ఉద్యానమున 2018 నుండి నిషేధము. మాడిసన్ నదియందే 1994లో ట్రౌట్ పిల్లలు గిరగిర తిరిగి చచ్చెడు రోగమొకటి బయటపడి, రెయిన్‌బో ట్రౌట్ సంతతి ఘోరముగా క్షీణించినది. నది మీది ప్రేమతో వచ్చువారు బూటు అడుగున దానికి రోగమును తెచ్చుట నాకు సహింపరానిదిగా తోచును. రబ్బరు అడుగునకు లోహపు మేకులు బిగించినదానిని కొనుట, ఒక నదినుండి మరొకదానికి పోవునపుడు కడిగి ఆరవేయుట ప్రతివాని విధి.

రెండవనాడు కుర్చీ పరీక్ష చేసి తెచ్చిన తొడుగుతో సాయంకాలము వరకు ఏటిలో నుంటిని; నాకు ముడుత లేదు, బిగువు లేదు. రెండు మూడు మారులు మేనల్లుడు గట్టిగా పిలిచి, “మామయ్యా, అక్కడితో ఆగండి,” అనెను. బసకు వచ్చిన పిమ్మట రెండు తొడుగులను తలక్రిందులుగా తీగెకు వ్రేలాడదీసి, అవి ఆరువరకు అచటనే నిలిచితిని. తడిసినంతమేర బట్ట నల్లబడి యుండెను. అతని తొడుగుమీద ఆ గీత తొడ నడుమ నిలిచినది. దినమంతయు చేపలు పట్టినది అతడు. నా తొడుగుమీద అది బెల్టునకు నాలుగు వ్రేళ్ల క్రిందివరకు వచ్చియుండెను.