పొద్దు పొడవకముందే పదండి!

వేసవి సెలవులంటే ఊటీ, కొడైకెనాల్ టికెట్లే కానక్కర్లేదు. తెల్లవారుజామున బయల్దేరి చీకటి పడేసరికి ఇల్లు చేరే చోట్లు మన చుట్టుపక్కలే బోలెడున్నాయి. ఆలుమగలిద్దరూ కలిసి వెళ్లి ఫోన్‌తోనో చిన్న కెమెరాతోనో మంచి ఫొటోలు తీసుకురావాలంటే, ఎండతో ఒప్పందం చేసుకోవడం వస్తే చాలు.

‘ఈ ఎండల్లో ఎక్కడికండీ?’

ఆదివారం ఎటైనా వెళ్దామనగానే చాలా ఇళ్లలో వినిపించే మొదటి మాట ఇదే. కాదనలేం. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. కానీ ఆ మండే కాలమే పగటిని సాగదీస్తుంది కూడా. మే మధ్యలో హైదరాబాద్‌లో 5.45 ప్రాంతంలో తెల్లవారితే, పొద్దు గూకేది 6.40కి. అంటే దాదాపు 13 గంటల పగలు. డిసెంబరు కన్నా ఇంచుమించు రెండు గంటలు ఎక్కువ. రోజు ప్రయాణాలకు ఇంతకన్నా ఏం కావాలి?

చిక్కల్లా నడిమధ్యాహ్నంతోనే. మే 9 ప్రాంతంలో హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. నిటారుగా పాతిన కర్రకు ఆ కాసేపు నీడే పడదు. అలాంటి ఎండలో మనిషిని తీస్తే కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి. శిల్పాన్ని తీస్తే లోతు తెలియదు. అందుకే వేసవి ప్రయాణాన్ని మూడు పూటలుగా పంచుకోవాలి. పొద్దున ఆరుబయట, మధ్యాహ్నం నీడపట్టున, సాయంత్రం మళ్లీ ఆరుబయట. ఒంటికి ఏది మంచిదో ఫొటోకీ అదే మంచిది.

ఏటవాలు ఎండలో నల్లరాయి

పొద్దుటి ఎండ విలువ తెలియాలంటే రామప్పకు వెళ్లాలి. హనుమకొండ, వరంగల్ వాళ్లకిది దగ్గరి దారే. హైదరాబాద్ నుంచయితే 200 కిలోమీటర్ల పైమాట కాబట్టి ముందు రోజు రాత్రే హనుమకొండ చేరుకోవడం నయం. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. గుడి తూర్పు ముఖంగా ఉంటుంది. చూరు కింద నల్లరాతి మదనికలు నిలబడి ఉంటాయి. సూర్యుడు పైకెక్కాక చూరు నీడ వాటిని కప్పేస్తుంది. పొద్దున్నే అయితే ఏటవాలు వెలుగు చూరు కిందికీ దూరుతుంది. నగల పూసలు, వేళ్ల వంపులు, నడుము దగ్గర మలుపు విడివిడిగా తేలతాయి. శిల్పానికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా నిలబడి తీస్తే ఆ లోతు ఫొటోలోకీ వస్తుంది.

హైదరాబాద్ జంటలకు చేరువలో భువనగిరి ఉంది. వరంగల్ దారిలో 50 కిలోమీటర్లు. ఊరి మీద ఒకే బండలా లేచిన కొండ, దాని నెత్తిన కోట. పైకెక్కే వేళలు ముందే కనుక్కోండి. తలుపులు తీసేలోగా కింద నుంచి ఆ బండనే తీయొచ్చు. ఫ్రేములో ఒక మూల మనిషో చెట్టో ఉండేలా చూసుకోండి. అది లేకపోతే కొండ ఎంత పెద్దదో ఫొటో చూసేవాళ్లకు అంతుచిక్కదు.

మిట్టమధ్యాహ్నం గాజు మీద బొమ్మలు

పన్నెండు దాటాక ఎండలో తిరగొద్దని ఏటా అధికారులు చెబుతూనే ఉంటారు. ఆ మూడు నాలుగు గంటలూ కప్పు కింద గడపాల్సిందే. అలాగని కెమెరాను సంచిలో పెట్టేయక్కర్లేదు.

మెదక్ చర్చినే చూడండి. కరవు రోజుల్లో జనానికి పని చూపించాలని ఛార్లెస్ వాకర్ పాస్నెట్ తలపెట్టిన ఈ కట్టడం 1924 డిసెంబరు 25న ఆరాధనకు తెరుచుకుంది. లోపల రంగు గాజుల కిటికీలు మూడు. క్రీస్తు ఆరోహణం, జననం, శిలువ ఘట్టాలు వాటి మీద ఉంటాయి. ఈ బొమ్మలకు వెలుగు వెనక నుంచే రావాలి. బయట ఎండ ఎంత కాస్తే లోపల రంగులు అంత పలుకుతాయి. చీకటి పడితే బొమ్మే ఉండదు. తూర్పు కిటికీకి పొద్దున, పడమటి కిటికీకి సాయంత్రం మంచి వేళ. ఫోన్ తెర మీద కిటికీ ఉన్నచోట వేలు ఆనించి, వెలుగును కాస్త కిందికి తగ్గించి తీయండి. లేదంటే గాజంతా తెల్లటి మచ్చలా వస్తుంది. ఆదివారం ప్రార్థన జరిగేటప్పుడు మాత్రం కెమెరా జేబులోనే ఉండాలి.

భువనగిరి వెళ్లినవాళ్లు ఆ జిల్లాలోనే ఉన్న భూదాన్ పోచంపల్లిలో మధ్యాహ్నం గడపొచ్చు. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే భూదానోద్యమం మొదలైంది ఇక్కడే. ఇక్కత్ చీరలకూ ఇదే పేరు. చేనేతల ఇంట్లో మగ్గం పక్క కిటికీలోంచి వచ్చే మెత్తటి వెలుగు ముఖాలకు, చేతులకు ఎంతో అందాన్నిస్తుంది. కానీ ముందు పలకరింపు, తర్వాత అనుమతి, ఆ తర్వాతే ఫొటో. తీసింది వాళ్లకూ చూపించండి, పంపించండి. విజయవాడ వాళ్లకు ఉండవల్లి గుహల్లో శయనించిన విష్ణుమూర్తి, విశాఖ వాళ్లకు బొర్రా గుహలు ఇలాంటి మధ్యాహ్నపు మజిలీలే.

వేసవి మాత్రమే చూపించే గుడి

కొన్ని చోట్లకు వేసవిలో తప్ప వెళ్లి లాభం లేదు. కర్నూలు వైపు సంగమేశ్వరం అలాంటిదే. శ్రీశైలం జలాశయం నిండితే గుడి నీట మునుగుతుంది. ఎండలకు నీటిమట్టం పడిపోయాక గోడలు, స్తంభాలు, చివరికి గర్భగుడి బయటపడతాయి. అక్కడి లింగం వేప మొద్దుదని భక్తుల నమ్మకం. సాయంత్రం ఎండ వాలాక నీటి చారలు పడ్డ రాతి గోడల్ని, వెనక్కి తగ్గిన నీటి అంచుని కలిపి ఒకే ఫ్రేములో పెట్టొచ్చు. బయల్దేరే ముందు నీరు ఎంత తగ్గిందో ఆ ఊళ్లో ఎవరినైనా అడగండి.

దారి పొడవునా కూడా వేసవి తన సరుకు తానే పరుస్తుంది. పసుపు గుత్తులు వేలాడే రేల చెట్లు, తాటి ముంజలు చెక్కే కత్తి వేగం, మేడల మీద ఆరే వడియాలు, మామిడి మార్కెట్ల సందడి... జనవరిలో వెళ్తే ఇవేవీ దొరకవు.

ఆయన కన్ను, ఆమె కన్ను

మన ఇళ్లలో ఆల్బములు తిరగేస్తే ఒక సంగతి తెలిసిపోతుంది. ప్రతి గోపురం ముందూ ఆవిడ నిలబడి ఉంటుంది, ఆయన ఎక్కడా కనిపించడు. కెమెరా ఆయన చేతిలో ఉండిపోవడమే కారణం.

దేశంలో తొలి మహిళా ఫొటో జర్నలిస్టుగా పేరొందిన హోమాయ్ వ్యారవాలా కెమెరా పట్టడం నేర్చుకుంది, తర్వాత తాను పెళ్లాడిన మానెక్‌షా దగ్గరే. తొలినాళ్లలో ఆమె తీసిన ఫొటోలు ఆయన పేరుతోనే అచ్చయ్యేవి. 2011లో పద్మవిభూషణ్ అందుకుంది మాత్రం ఆమే. నేర్పినవారికన్నా నేర్చుకున్నవారి చూపు దూరం వెళ్లొచ్చు. కాబట్టి కెమెరాను గంటకోసారి చేతులు మార్చండి. ఒకే గుడిలో ఆయన శిఖరం తీస్తే, ఆమె మెట్ల మీద పూలమ్మే మనిషిని తీసి ఉండొచ్చు. రెండూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడే ఆ ఊరిని నిజంగా చూసినట్టు. ‘నువ్వు ఇది చూశావా?’ అన్న ప్రశ్న దగ్గర మొదలయ్యే కబుర్లు ఇల్లు చేరేదాకా తరగవు.

బయల్దేరే ముందు

• నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ, టోపీ లేదా గొడుగు తప్పనిసరి. తెల్ల గొడుగు ముఖం మీది కరకు ఎండను మెత్తబరుస్తుంది కూడా.

• ఫోన్‌ను కారు డ్యాష్‌బోర్డు మీద, సీటు మీద ఎండలో వదలొద్దు. వేడెక్కితే కెమెరా ఆగిపోతుంది.

• లెన్సు మీద చెమట, వేలిముద్రలు ఉంటే ఫొటో మసకబారుతుంది. మెత్తటి నూలు గుడ్డ దగ్గరుంచుకోండి.

• పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు, డ్రోన్‌కు ముందస్తు అనుమతి కావాలి. గర్భగుళ్లలో ఫొటోలు వద్దు.

ఇంటికొచ్చాక వందల ఫొటోలు ఫోన్లోనే మగ్గిపోనీయకండి. ఆ వారంలోనే ఇద్దరూ కూర్చుని పది ఎంచండి. ఒకరు వద్దన్నది ఎందుకు ఉంచాలో రెండోవారు చెప్పి ఒప్పించాలి, అదే షరతు. ఎంచినవాటిని ప్రింటు తీయించి వెనక ఊరు, తేదీ రాయండి. ఇక ఆలస్యం దేనికి? జూన్‌లో నైరుతి వచ్చేస్తుంది. ఎగువన వానలు పడి కృష్ణమ్మ పొంగితే సంగమేశ్వరుడు మళ్లీ వచ్చే వేసవికే దర్శనమిస్తాడు. వచ్చే ఆదివారానికి అలారం నాలుగింటికి పెట్టేయండి!