వినేవారి మాట వినేదెవరు?

హన్మకొండ సుబేదారికి పల్లెల నుండి మనుషులు రకరకాల పనులమీద వస్తారు. కొందరికి కలెక్టరు ఆఫీసులో అర్జీ, కొందరికి ఆర్ట్స్ కాలేజీలో పిల్లవాని చదువు. పెనిమిటి తాగుడు మాన్పించే దారి వెదుక్కుంటూ వచ్చిన తల్లి ముఖం మాత్రం వేరుగా ఉంటుంది. “సారూ, ఎట్లనన్న జేసి మాన్పియ్యుండ్రి” అన్నదొక్కటే ఆమె మాట. ఆ మాట విని ఎదుట కూర్చునే కౌన్సిలరును గూర్చి మనం ఎన్నడైనా ఆలోచించామా?

ప్రియ పాఠకులారా, ఒక సంగతి ఊహించండి. నలభై ఏండ్ల రైతు. ఇరవై ఏండ్లుగా రోజూ కల్లు. కౌన్సిలరు ఎంతో ప్రేమగా చెప్పాడు. రైతు కన్నీళ్లు పెట్టుకొని రేపటినుండి ముట్టనన్నాడు. మాట నిలుపుకున్నాడు కూడా! మూడవ రోజున చేతులు వణికాయి, నిద్ర లేదు, గోడతో మాట్లాడసాగాడు, ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఇంటివారు గాలి సోకిందనుకున్నారు.

అది గాలి కాదు. మన తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో డైజీపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. వాటికి అలవాటుపడిన ఒంటికి అవి ఒక్కసారిగా అందకపోతే ప్రాణం మీదికి వస్తుంది. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడినప్పుడు ఇట్టివారిని హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వరుసగా తీసుకువచ్చారు.

ఆ కౌన్సిలరు మనసులో లోపం లేదు. ఆ సాయంత్రమే అతన్ని పక్కన కూర్చోబెట్టుకొని, “ఎంత తాగుతాడు? మునుపు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా? ముందు డాక్టరుకు చూపించావా?” అని అడిగే పెద్ద ఒకరు లేరు. అంతే. ఆ అడగడాన్నే క్లినికల్ సూపర్‌విజన్ అంటారు. హాజరు పట్టీ చూసే తనిఖీ వేరు, ఇది వేరు. అనుభవమున్నవారు కౌన్సిలరు మాట్లాడే తీరును దగ్గర కూర్చుని చూస్తారు, లేదా రోగి ఒప్పుకుంటే టేపులో వింటారు. ఎక్కడ తొందరపడ్డాడో, ఏ ప్రశ్న అడగడం మరచాడో చెబుతారు. ఇరవై నుండి నలభై గంటల పనికి ఒక గంట ఇట్టి పర్యవేక్షణ కావాలని అమెరికా ప్రభుత్వ సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శి చెప్పింది. రెండు రోజుల శిక్షణకు వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకున్నంత మాత్రాన నేర్చినది నిలువదు. తరువాత ఎవరైనా చూసి సరిదిద్దుతుంటేనే నిలుస్తుంది.

మరొక సంగతి. ఈ పనికి చాలామంది తమ ఇంటి గాయంతోనే వస్తారు. మద్రాసులో 1980లో చికిత్సా సంస్థను ఆరంభించిన శాంతి రంగనాథన్ గారు కూడా తాగుడువలన భర్తను పోగొట్టుకున్నవారే. తాగుడు మానినవారే కౌన్సిలర్లయిన చోట్లు కూడా ఉన్నాయి. వారి మాటకు బలం ఎక్కువ. కాని “నేను మానలేదా, నీకేం రోగం?” అనే కోపం కూడా వారికే తొందరగా వస్తుంది. తండ్రి తాగి కొడుతుంటే పెరిగిన అమ్మాయి కౌన్సిలరయితే, ఎదుట కూర్చున్న తాగుబోతులో తన తండ్రే కనబడవచ్చు. రోగి మళ్లీ సీసా పట్టిన రోజున తానే ఓడిపోయినట్టు కుమిలిపోవచ్చు. ఈ మాట ఇంట్లో చెప్పుకోలేరు, రోగి రహస్యం గనుక. మరి చెప్పుకునేదెక్కడ?

మన సంఘకాపరులకూ పెద్దలకూ ఇదే కష్టం. రాత్రి పదింటికి తలుపు తట్టేది వారి గుమ్మం ముందే కదా! పొద్దున మొదలు సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పు తీరుస్తున్న మోషేను చూసి, ఇది నీ ఒక్కడివల్ల కాదని మామ యిత్రో చెప్పవలసి వచ్చింది.

ఈసారి మీవారిని ఏ కేంద్రానికి తీసుకుపోయినా ఫీజు, మంచాల సంగతితో పాటు ఇంకొకటి కూడా అడగండి: “కౌన్సిలరుగారూ, మా కేసు మీరు ఎవరితో చర్చిస్తారు? వారం వారమా, ఎప్పుడో ఒకప్పుడా?” కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి. డాక్టరు ఉన్నాడా అని కూడా అడగండి. రోజూ కల్లు తాగేవారిని డాక్టరుకు చూపించకుండా ఒక్కసారిగా మాన్పించవద్దు. ఎక్కడికి పోవాలో తోచకపోతే మత్తు విడిపించే జాతీయ సహాయ ఫోను 14446కు చేయండి. డబ్బులు పడవు.